చేసి నేర్చిన వైద్యం: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో సాధారణ వైద్యుల శిక్షణ

పరిచయం

ముందరి పాఠంలో మద్రాసు రాష్ట్రంలో వైద్య కళాశాలలు ఎప్పుడు, ఎక్కడ ఏర్పడ్డాయో చదివారు. ఈ పాఠంలో ఆ కళాశాలల గేటు దాటి బయటికి వద్దాం. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలుమార్గం వెంట, అక్కడి నుంచి నిజాంపట్నం వైపు, ఇటు పొన్నూరు మీదుగా బాపట్ల దాకా ఉన్న డెల్టా పల్లెల్లో జ్వరం వచ్చిన మనిషి మొదట ఎవరి దగ్గరికి వెళ్ళాడు? ఆ వ్యక్తికి వైద్యం ఎవరు నేర్పారు? ఎలా నేర్పారు? ఈ మూడు ప్రశ్నలను మనసులో పెట్టుకుని పాఠం చదవండి.

మొదట రెండు మాటలు స్పష్టం చేసుకోవాలి. గుండెకు ఒకరు, కంటికి ఒకరు, ఎముకలకు ఒకరు అని విడిపోకుండా, వచ్చిన ప్రతి రోగినీ ముందుగా చూసే డాక్టరును సాధారణ వైద్యుడు అంటాం. జనరల్ ప్రాక్టీషనర్ అన్నా, ఈ మధ్య వినిపిస్తున్న ఫ్యామిలీ డాక్టర్ అన్నా ఇంచుమించు ఇదే అర్థం. రెండో మాట క్రియాశీల అభ్యసనం. ఉపాధ్యాయుడు చెప్పింది విని రాసుకోవడంతో ఆగకుండా, విద్యార్థి తానే ప్రశ్న వేసుకుని, సమాధానం వెతికి, చేసి చూసి, జరిగిన తప్పును ఇంకొకరి సాయంతో దిద్దుకుంటూ నేర్చుకునే పద్ధతికి ఈ పేరు పెట్టారు. ఈ నిర్వచనంలో ‘తప్పును దిద్దుకోవడం’ అన్న భాగాన్ని గీత గీసి పెట్టుకోండి. పాఠం మధ్యలో దాని అవసరం వస్తుంది.

వైద్య విద్య గురించి రాసినవారు చాలామంది క్రియాశీల అభ్యసనాన్ని ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో పుట్టిన కొత్త పద్ధతిగా చెబుతారు. మన ప్రాంతపు చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజమనిపిస్తుంది.

మిక్చరు సీసాల కాలం

1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో భాగం. కృష్ణానది మీద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువల వెంట వరి సాగు పెరిగింది, జనం పెరిగారు, రాకపోకలు పెరిగాయి. కలరా, మలేరియా, బోదకాలు కూడా ఆ నీటి వెంటే ఉన్నాయి. 1916లో గుంటూరు, తెనాలి, రేపల్లెలను కలిపే రైలుమార్గం వచ్చాక పట్నం ఆసుపత్రికి వెళ్ళడం కొంత సులువయింది. అయినా పల్లెటూరి రోగిని బండి కట్టించి, రైలెక్కించి తీసుకెళ్ళేది రోగం ముదిరాకే. అంతకుముందు జరగాల్సిన వైద్యమంతా ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో జరగాలి.

మద్రాసులో 1835లో వైద్య పాఠశాల పెట్టినప్పుడు ప్రభుత్వానికి కావలసింది సైన్యంలోనూ, ప్రభుత్వాసుపత్రుల్లోనూ పనిచేసే సహాయకులు. తరవాతి కాలంలో లోకల్ ఫండు నిధులతో తాలూకా కేంద్రాల్లో డిస్పెన్సరీలు వచ్చాయి. చాలాచోట్ల వాటిని నడిపినవారు ఈ సహాయక శ్రేణికి చెందిన హాస్పిటల్ అసిస్టెంట్లే. అప్పటి డిస్పెన్సరీని ఒకసారి ఊహించుకోండి. రోగి సీసా తానే తెచ్చుకోవాలి. డాక్టరు చీటీ రాసి ఇస్తే, కాంపౌండరు మందులు తూచి, నూరి, నీళ్ళలో కలిపి సీసాలో పోస్తాడు. ఒక్కో మోతాదు ఎంతవరకో తెలిసేలా అంచులు కత్తిరించిన కాగితపు ముక్కను సీసాకు అంటిస్తాడు. పుండు కడగడం, కట్టు కట్టడం, సూదులు నీళ్ళలో మరగబెట్టడం కూడా అతని పనే.

ఈ కాంపౌండర్లలో కొందరు పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందినవారు. ఎందరో డాక్టరు పక్కన నిలబడి నేర్చుకున్నవారు. మొదట ఏడాది చూశారు, తరవాత చేయి అందించారు, ఆ తరవాత డాక్టరు ఊళ్ళో లేని రోజున తామే చేశారు. వడ్రంగం, కమ్మరం, మంగలి పని నేర్చుకున్న తీరే ఇది. మంగలివారు కురుపులు కోయడం, మంత్రసానులు కాన్పులు చేయడం మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నవే. వాళ్ళకూ పాఠ్యపుస్తకం లేదు.

మిషనరీ ఆసుపత్రులు ఈ శిక్షణకు ఇంకొంత క్రమం తెచ్చాయి. అమెరికన్ లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. మగ డాక్టరుకు నాడి చూపించడానికి కూడా ఇష్టపడని కుటుంబాల స్త్రీలు ఆమె దగ్గరికి వచ్చారు. గుంటూరులో ఆమె కట్టించిన ఆసుపత్రికి తరవాత ఆమె పేరే నిలిచింది. చీరాల, రెంటచింతలలో కూడా మిషన్ వైద్యం వ్యాపించడానికి ఆమె కృషే కారణం. 1930లో ఆమె గుంటూరులోనే మరణించారు. మిషన్ ఆసుపత్రుల్లో నర్సు చదువంటే పగలంతా వార్డులో పని, మధ్యలో పాఠం. తెనాలికీ బాపట్లకూ నడుమ నిడుబ్రోలులో సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఆసుపత్రి కూడా ఈ కోవలోదే. దక్షిణాన వేలూరులో ఐడా స్కడర్ 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల ప్రారంభించారు. ఆమె పల్లెదారుల వెంట చెట్టుకింద రోగులను చూసే ‘రోడ్డుపక్క క్లినిక్కు’లకు వెళ్ళేవారు. విద్యార్థినులకు అవి కూడా తరగతులయ్యాయి. వేలూరు పేరు గుర్తుంచుకోండి, పాఠం చివరలో మళ్ళీ వస్తుంది.

ఎల్‌.ఎం.పి.: తీసేసిన మెట్టు

పాత తరం వాళ్ళు ‘ఎలెంపీ డాక్టరు’ అనడం మీలో కొందరు వినే ఉంటారు. లైసెన్స్‌డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అన్న పేరుకు అది పొట్టి రూపం. డిగ్రీ కోర్సు కన్నా తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో, స్కూలు చదువు పూర్తిచేసినవారిని వైద్యులుగా తయారుచేసే కోర్సు ఇది. తెలుగు ప్రాంతంలో విశాఖపట్నం వైద్య పాఠశాల 1902లో మొదలైంది. అదే 1923లో కళాశాలగా మారింది. 1914లో మద్రాసు వైద్య రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. దానితో ఎవరు డాక్టరు, ఎవరు కాదు అన్న గీత చట్టంలో పడింది.

ఈ ఎల్‌.ఎం.పి.లను పల్లెలకు పంపడానికి జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1924లో ఒక పథకం పెట్టింది. పట్నంలో కాక ఒక పల్లెలో స్థిరపడి ప్రాక్టీసు పెట్టే వైద్యుడికి ఏటా కొంత సొమ్ము, మందులకు సాయం అందుతాయి. అతను పేదలకు ఉచితంగా వైద్యం చేయాలి, మిగిలినవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. నా దృష్టిలో ఈ ప్రాంతపు వైద్య చరిత్రలో ఇంత తెలివైన పథకాలు ఎక్కువ లేవు. ప్రభుత్వోద్యోగి అయితే బదిలీ కోసం ఎదురుచూస్తాడు. ఊళ్ళో ఇల్లు కట్టుకున్న డాక్టరుకు తన వైద్యం ఫలితం ఏమిటో రోజూ వీధిలో కనిపిస్తుంది. మందు పనిచేయకపోతే రోగి మర్నాడు మళ్ళీ వస్తాడు, లేదా పక్క ఊరి డాక్టరు దగ్గరికి పోతాడు. రెండూ పాఠాలే.

1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీని నియమించింది. 1946లో అది నివేదిక ఇచ్చింది. అప్పటి లెక్క ప్రకారం దేశంలో రిజిస్టరైన వైద్యులు 47,524 మంది. వాళ్ళలో డిగ్రీ ఉన్నవారు 17,654 మంది, ఎల్‌.ఎం.పి. వంటి లైసెన్షియేట్లు 29,870 మంది. అంటే ప్రతి ఐదుగురు వైద్యుల్లో ముగ్గురికి పైగా లైసెన్షియేట్లే. సగటున 6,300 మంది జనానికి ఒక వైద్యుడు. ఇంత కొరత ఉన్నా, దేశమంతటికీ ఒకే ప్రమాణం గల ‘బేసిక్ డాక్టర్’ ఉండాలనీ, వనరులన్నీ డిగ్రీ కోర్సు మీదే పెట్టాలనీ కమిటీ నిర్ణయించింది. కమిటీలోనే కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. కొంతకాలమైనా లైసెన్షియేట్ కోర్సు కొనసాగకపోతే పల్లెలకు వైద్యులు దొరకరని వారి వాదన.

ఏ వాదన సరైనదో తేల్చేముందు రెండు వైపులా ఆలోచించండి. పేదవాడికి తక్కువ చదువు డాక్టరు, ధనికుడికి ఎక్కువ చదువు డాక్టరు అన్న తేడా స్వతంత్ర దేశంలో ఉండకూడదన్నది గౌరవించదగ్గ మాట. కానీ మెట్లదారిలో మధ్య మెట్టు తీసేస్తే కింద ఉన్నవాడు పైకి రాలేడు, పైన ఉన్నవాడు కిందికి దిగడు. ఎల్‌.ఎం.పి. కోర్సులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1946లోనే గుంటూరు వైద్య కళాశాల మొదలైంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పిల్లలకు ఎం.బి.బి.ఎస్. చదువు చేరువైంది. ఆ చదువు పూర్తిచేసినవారు ఎక్కువగా పట్నాల్లోనే ఉండిపోయారు. భోర్ కమిటీ తన బేసిక్ డాక్టరుకు సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ కూడా ఉండాలని చెప్పింది. చెప్పిన వాటిలో డిగ్రీ నిలిచింది, ఊరితో పరిచయం పలచబడింది.

ఖాళీ జాగా ఎవరు నింపారు?

ఊరు ఖాళీగా ఉండదు. పట్నంలో డాక్టరు దగ్గర అయిదారేళ్ళు పనిచేసిన కాంపౌండరు తన ఊరికి తిరిగివచ్చి, వరండాలో బల్ల వేసుకుని, ఆర్‌.ఎం.పి. అని బోర్డు పెట్టాడు. చట్టం ప్రకారం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే డిగ్రీ ఉండి, వైద్య మండలిలో పేరు నమోదైన డాక్టరు. మన వాడుకలో ఆ మూడక్షరాలు సరిగ్గా దానికి వ్యతిరేకమైన అర్థంలో స్థిరపడ్డాయి. భాష చేసే చమత్కారాల్లో ఇదొకటి.

కొన్నిచోట్ల ఈ శిక్షణ ఒక ఉద్యమంలా కూడా సాగింది. నెల్లూరులో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి, డాక్టర్ జెట్టి శేషారెడ్డి నడిపిన ప్రజావైద్యశాల యువకులకు వైద్య సహాయకులుగా తర్ఫీదు ఇచ్చి పల్లెలకు పంపింది. అక్కడ చేరినవాడు వార్డులోనే పనిచేస్తూ నేర్చుకునేవాడు. దక్షిణ కోస్తాలో ఆ పేరు చెప్పుకుని ప్రాక్టీసు చేసినవారు చాలామంది ఉన్నారు.

ఇక్కడ మొదట గీత గీసి పెట్టుకున్న మాట దగ్గరికి వెళ్ళండి. ఆర్‌.ఎం.పి. చేసి నేర్చుకున్నాడు. చేయి తిరిగినవాడు. నరం దొరకని చంటిపిల్లకు సెలైన్ ఎక్కించడంలో కొత్తగా డిగ్రీ తీసుకున్న డాక్టరు కన్నా అతనే నేర్పరి కావచ్చు. అయితే అతని తప్పును దిద్దేవారు లేరు. తన గురువు ప్రతి జ్వరానికీ సూదిమందు వేస్తే తానూ వేశాడు. ఎందుకు వేస్తున్నామని అడిగే అలవాటు ఆ శిక్షణలో లేదు. రోగి తగ్గి వెళ్తే తన మందు వల్లే తగ్గిందనుకున్నాడు. చాలా జ్వరాలు మందు లేకపోయినా మూడు నాలుగు రోజుల్లో తగ్గుతాయన్న సంగతి అతనికి చెప్పినవారు లేరు. ఆ గొలుసు చివర ఉన్నది అనవసరమైన యాంటీబయాటిక్కులు, స్టెరాయిడ్లు, ఒకరి సూది ఇంకొకరికి వాడటం వల్ల వ్యాపించే కామెర్లు.

ఎం.బి.బి.ఎస్. విద్యార్థి పరిస్థితి దీనికి తలకిందులు. ఎందుకు అన్న ప్రశ్నకు అతని దగ్గర పేజీలకొద్దీ జవాబు ఉంది. చేసే అవకాశం తక్కువ. ఒక మంచం చుట్టూ పాతికమంది విద్యార్థులు నిలబడితే వెనక వరసలో ఉన్నవాడికి రోగి కాళ్ళు తప్ప కనిపించవు. పైగా బోధనాసుపత్రికి వచ్చే రోగి ఇప్పటికే నలుగురిని దాటి వచ్చినవాడు. అతని రోగం పేరు కేస్‌షీటులో రాసే ఉంటుంది. సాధారణ వైద్యుడు రోజూ ఎదుర్కొనే అస్పష్టమైన మొదటిరోజు జ్వరం, ఏమీ తేలని కడుపునొప్పి, భర్త ఎదుట చెప్పుకోలేని బాధ అక్కడ కనిపించవు. ఈ ప్రాంతంలో చేయి ఒకరికి, ప్రశ్న ఇంకొకరికి దక్కాయి.

బయట ఏం జరిగింది

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో విలియం ఆస్లర్ 1890లలో జాన్స్ హాప్కిన్స్‌లో విద్యార్థులను లెక్చరు హాలు నుంచి రోగి మంచం దగ్గరికి తీసుకెళ్ళాడు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో మొదటి బ్యాచ్‌ను చేర్చుకుని, విడివిడి సబ్జెక్టుల లెక్చర్లకు బదులు కొద్దిమంది విద్యార్థుల బృందం ముందు ఒక రోగి సమస్యను పెట్టే పద్ధతి తెచ్చింది. దీన్నే సమస్యాధారిత అభ్యసనం అంటారు. లండన్‌లో మైకేల్ బాలింట్ 1950లలో సాధారణ వైద్యులను గుండ్రంగా కూర్చోబెట్టి, తమను ఇబ్బంది పెట్టిన ఒక్కో రోగి గురించి మాట్లాడించాడు. రోగం కన్నా, డాక్టరుకూ రోగికీ మధ్య ఏం జరిగిందన్నదే అక్కడ చర్చ. బ్రిటన్‌లో 1980ల మొదట్లో సాధారణ వైద్యుడు కావాలంటే డిగ్రీ తరవాత ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేశారు. ఎం.బి.బి.ఎస్. పాసైతే చాలు, జనరల్ ప్రాక్టీసుకు వేరే శిక్షణ ఎందుకన్న భావన మన దగ్గర చాలాకాలం కొనసాగింది.

మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ ఇంకో దారి పట్టాడు. డాక్టరు కాని ఊరివాళ్ళకు వైద్యం అర్థమయ్యేలా అతను రాసిన పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెలుగులోకి తెచ్చింది. ఆరోగ్య కార్యకర్తలకు ఎలా నేర్పాలన్న విషయం మీద వెర్నర్, బిల్ బవర్ కలిసి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. కథలు, బొమ్మలు, నాటకాలు, చేత్తో చేసిన నమూనాలు దాని పరికరాలు.

ఒక కేసుతో చూద్దాం

పద్ధతుల పేర్లు వరసగా చెప్పుకుంటే లాభం లేదు. ఈ ఊహించిన కేసును, జవాబు ముందే చూడకుండా, అంచెలంచెలుగా చదవండి.

మొదటి అంచె. డిసెంబరు నెల, కోతలు సాగుతున్నాయి. రేపల్లె దగ్గరి పల్లెలో కూలిపనికి వెళ్ళే నలభయ్యేళ్ళ స్త్రీ తెల్లవారుజామున కడుపునొప్పితో లేచింది. ఆరోగ్య కేంద్రానికి వచ్చేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి. జ్వరం లేదు. మీరు డాక్టరైతే మొదట ఏం అడుగుతారు? ఒక నిమిషం ఆగి కాగితం మీద రాయండి.

రెండో అంచె. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగితే నేలమీద చాప వేసుకుని పడుకున్నానంది. ఒంటి మీద గాటు కనిపించలేదు. ఇప్పుడు మీ అనుమానం మారిందా?

కట్లపాము కాటు తరచు ఇలాగే ఉంటుంది. రాత్రిపూట, నేలమీద నిద్రపోయేవారిని కరుస్తుంది. గాటు కనిపించకపోవచ్చు, వాపు ఉండదు, కడుపునొప్పి ముందు రావచ్చు, తరవాత కనురెప్పలు వాలతాయి, చివరికి ఊపిరి కండరాలు పనిచేయవు. గ్యాస్ నొప్పి అని సూదిమందు వేసి ఇంటికి పంపిస్తే ఆ మనిషి బతకకపోవచ్చు. లెక్చరు విన్న విద్యార్థికి పాములు, విషాలు, లక్షణాలు పట్టికగా గుర్తుంటాయి. ఎదురుగా ఉన్నది పాముకాటు అని ఎవరూ చెప్పనప్పుడు ఆ పట్టిక తెరుచుకోదు. కేసును అంచెలుగా చర్చించినవాడికి ‘ఎక్కడ పడుకున్నావు’ అన్న ప్రశ్న నోటికి వస్తుంది.

మూడో అంచె రక్తపింజర గురించి. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. దాన్ని కనిపెట్టడానికి చాలా సులువైన పరీక్ష ఉంది. కొద్దిగా తాజా రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. ఇంకా నీళ్ళలా పారితే విషం పనిచేస్తున్నట్టు. పుస్తకంలో ఇది రెండు వాక్యాలు. చేయబోతే మూడు చిక్కులు ఎదురవుతాయి: అందుబాటులో ఉన్నవి ప్లాస్టిక్ గొట్టాలు, వాటిలో ఈ పరీక్ష నమ్మదగ్గది కాదు, గాజు గొట్టాన్ని సబ్బుపొడితో కడిగి ఉంటే ఫలితం తప్పుతుంది, ఆ 20 నిమిషాలు ఆదుర్దాపడే బంధువులకు ఏం చెప్పాలి? మూడోదానికి ఏ గైడులోనూ జవాబు లేదు. తోటివాడు బంధువుగా నటిస్తే, మీరు డాక్టరుగా మాట్లాడి చూసుకోవాలి. పాత్రాభినయం అనే బోధనా పద్ధతి వైద్య విద్యలోకి వచ్చింది ఇందుకే.

ఇంత చెప్పుకున్నాం కాబట్టి ఒక హెచ్చరిక. పాముకాటుకు తాడు బిగించి కట్టడం, గాటు కోయడం, నోటితో పీల్చడం హానికరం. ధైర్యం చెప్పి, కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి త్వరగా చేర్చాలి.

మళ్ళీ ఊళ్ళోకి

1975లో శ్రీవాస్తవ కమిటీ, మన వైద్య విద్య ఊరి అవసరాలకు దూరమైందని గట్టిగా చెప్పింది. 1977లో కేంద్ర ప్రభుత్వం వైద్య విద్య పునర్వ్యవస్థీకరణ పథకం మొదలుపెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు కలిపి దాన్ని ‘రోమ్’ పథకం అనేవారు. ఒక్కో వైద్య కళాశాల మూడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల బాధ్యత తీసుకోవాలి, అధ్యాపకులూ విద్యార్థులూ సంచార వాహనాల్లో పల్లెలకు వెళ్ళాలి. ఆలోచన మంచిది. ఆచరణలో చాలాచోట్ల అది సామాజిక వైద్య విభాగం పనిగా మిగిలిపోయింది. మెడిసిన్, సర్జరీ అధ్యాపకులు వాహనం ఎక్కలేదు. పరీక్షలో మార్కులు లేని పనికి విద్యార్థి మనసు పెట్టడు. మీ చదువులో కూడా దీనికి ఉదాహరణ దొరుకుతుంది.

2019లో భారత వైద్య మండలి ఎం.బి.బి.ఎస్.కు సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక తెచ్చింది. సమాజం మొదట కలిసే వైద్యుణ్ణి తయారుచేయడమే లక్ష్యమని అందులో రాశారు. మొదటి ఏడాదిలోనే రోగులను కలవాలి, చిన్న బృందాల్లో నేర్చుకోవాలి, రోగితో మాట్లాడటం, నీతి, నడవడిక కూడా పాఠాలు కావాలి. చేతిపనులు నేర్పడానికి నాలుగు దశలు పెట్టారు: గురువు చేసి చూపించడం, విద్యార్థి గమనించడం, సాయపడటం, చివరికి తానే చేయడం. ఈ వరస ఎక్కడో చదివినట్టు అనిపిస్తే, పైన కాంపౌండరు గురించి చెప్పిన భాగం చూడండి. అక్కడ లేనిది, ఇక్కడ చేర్చినది ఐదో అంశం. విద్యార్థి సరిగా చేశాడని ఒకరు చూసి లాగ్‌బుక్కులో సంతకం పెట్టాలి.

2022 నుంచి కుటుంబ దత్తత కార్యక్రమం వచ్చింది. ప్రతి విద్యార్థి ఒక ఊళ్ళో మూడు నుంచి ఐదు కుటుంబాలను తీసుకుని, కోర్సు సాగినంతకాలం వాళ్ళ ఆరోగ్యాన్ని గమనించాలి. అదే అవ్వను మొదటి ఏడాది, మూడో ఏడాది చూసినవాడికి రక్తపోటు మాత్రలు ఎందుకు మానేసిందో తెలుస్తుంది. అప్పుడతను ఊరి సాధారణ వైద్యుడికి దగ్గరగా వస్తాడు.

బాపట్లకు ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరై 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ ఫిజీషియన్ విధానాన్ని ప్రారంభించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు అక్కడ ఉంటారు, మరొకరు 104 వాహనంతో ఊళ్ళకు వెళ్తారు. ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు. మిగిలిన రోజుల్లో ఊరి క్లినిక్కులో ఉండేది నర్సింగు చదివిన మధ్యస్థాయి ఆరోగ్య ఉద్యోగి. 1946లో తీసేసిన మధ్య మెట్టు ఈ రూపంలో తిరిగి వచ్చిందని కొందరంటారు. పోలిక పూర్తిగా సరిపోదు గాని, కొట్టిపారేయదగ్గది కూడా కాదు.

దిద్దేవారు ఉంటే

ఆర్‌.ఎం.పి.లకు శిక్షణ ఇవ్వాలా వద్దా అన్న వాదం మన రాష్ట్రంలో పాతది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల చివర వాళ్ళకు తర్ఫీదు ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్కులుగా గుర్తించే ప్రయత్నం జరిగింది. శిక్షణ ఇస్తే నాటువైద్యానికి ప్రభుత్వ ముద్ర వేసినట్టవుతుందని వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అది నిలకడగా సాగలేదు.

ఈ వాదానికి ఉపయోగపడే ఆధారం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చింది. బీర్‌భూమ్ జిల్లాలో 304 మంది డిగ్రీ లేని వైద్యులను తీసుకుని, చీటీలు వేసినట్టుగా ఎంచిన సగం మందికి తొమ్మిది నెలల్లో 72 తరగతులు చెప్పారు. తరవాత రోగులుగా నటించడానికి శిక్షణ పొందిన మనుషులను, ముందుగా చెప్పకుండా, వాళ్ళ దగ్గరికి పంపారు. ఫలితాలు 2016లో ప్రచురించారు. శిక్షణ పొందినవారు కేసును సరిగా చూసే రేటు దాదాపు 8 శాతం పాయింట్లు పెరిగింది. అనవసరమైన మందులు, యాంటీబయాటిక్కులు రాయడం మాత్రం తగ్గలేదు. ఎందుకై ఉంటుంది? మందులమ్మి బతికే మనిషికి మందు అక్కర్లేదని చెప్పడం తరగతిలో నేర్పగలిగే నైపుణ్యమేనా? సంపర్క తరగతిలో ఈ ప్రశ్న మీద చర్చించండి. రోగిగా నటించే మనుషులను పంపే ఈ కొలత విధానం కూడా గమనించదగ్గది. పరీక్ష కాగితం మనిషికి ఏం తెలుసో చెబుతుంది. ఇది ఏం చేస్తాడో చెబుతుంది.

దూరవిద్యలో చదువుతున్న మీకు చివరి సంగతి దగ్గరగా అనిపిస్తుంది. రోగిని ముట్టుకోకుండా నేర్చుకోలేని వైద్యాన్ని దూరవిద్యలో చెప్పగలమా అన్న అనుమానం సహజం. ఇగ్నో 1997లో ఎం.బి.బి.ఎస్. డాక్టర్ల కోసం తల్లీబిడ్డల ఆరోగ్యం మీద పీజీ డిప్లొమా మొదలుపెట్టింది. సిద్ధాంతం ఇంటిదగ్గర చదువుకోవాలి, చేతిపని వైద్య కళాశాలలోనూ జిల్లాస్థాయి ఆసుపత్రిలోనూ నేర్చుకోవాలి. 2006లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల ఫ్యామిలీ మెడిసిన్‌లో రెండేళ్ళ దూరవిద్యా డిప్లొమా తెచ్చింది. రోగులను పైకి పంపడం తగ్గించి, ఉన్నచోటే ఎక్కువ సమస్యలు తీర్చగలగాలన్నది దాని ఉద్దేశం. పుస్తకాలు, వీడియోలు, సంపర్క తరగతులు అందులో ఉంటాయి. ప్రాక్టీసు వదలకుండానే చదవాలి. ఉదయం మాడ్యూల్‌లో చదివిన ఉబ్బసం కేసు సాయంత్రం క్లినిక్కులో ఎదురవుతుంది. కళాశాల వార్డులో కనిపించని మొదటిరోజు జ్వరం అతని బల్ల ముందే కూర్చుని ఉంటుంది. ఐడా స్కడర్ చెట్టుకింద విద్యార్థినులకు చూపించిన రోగులే వీళ్ళు. ఈసారి గురువు దూరంగా ఉన్నాడు, రోగి దగ్గరగా ఉన్నాడు.

కృత్యం

మీ ఊళ్ళో గాని, బంధువుల ఊళ్ళో గాని డెబ్భై ఏళ్ళు దాటిన ఒకరిని కలవండి. చిన్నప్పుడు జ్వరం వస్తే మొదట ఎవరి దగ్గరికి తీసుకెళ్ళారో, ఆ మనిషి వైద్యం ఎక్కడ నేర్చుకున్నాడో, పెద్దాసుపత్రికి వెళ్ళమని ఏ పరిస్థితిలో చెప్పేవాడో అడగండి. మందు సీసాలో వచ్చేదా, పొట్లంలో వచ్చేదా, డబ్బు ఇచ్చారా, ధాన్యం ఇచ్చారా అన్నవి కూడా రాసుకోండి. పేర్లు రాయనక్కరలేదు. రెండు పేజీలు మించకుండా తయారుచేసి సంపర్క తరగతికి తీసుకురండి. అక్కడ తోటి విద్యార్థులు తెచ్చిన వాటితో కలిపి, ఏ కాలంలో ఏ రకం వైద్యుడు మొదట కనిపించాడో ఒక పెద్ద కాగితం మీద ఊరివారీగా గుర్తించండి.